కాలిఫోర్నియాలో స్పానిషు గృహరీతి

ఒక జాతి చరిత్రము నెఱుగుటకు శాసనములు, కవిలెలు ఎట్టి సాధనములో, ఆ జాతి కట్టుకొనిన యిండ్లును అట్టి సాధనములే. అయితే యిల్లు కొంత చెప్పి కొంత దాచును. ఇందులకు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాలిఫోర్నియా గృహములు చక్కని నిదర్శనము. తెల్లని గోడలు, ఎఱ్ఱని గూనపెంకుల కప్పు, కమాను ద్వారములు, నడుమ ముంగిలి గల యిండ్లు అచ్చట నేటికిని జనులకు ప్రీతిపాత్రములై యున్నవి. చూచినవారు వీనిని స్పెయిను ప్రభువులనాటి కట్టడములని తలంతురు. నిజమునకు వీనిలో పెక్కు 1915 తరువాత, అనగా ఆ ప్రభుత్వము అంతరించి నూఱేండ్లు కావచ్చినప్పుడు, పుట్టినవి.

ఈ రీతికి మూలములు ప్రాచీనములు. 711లో ఉత్తరాఫ్రికానుండి మహమ్మదీయులు స్పెయినులో ప్రవేశించిరి. వారి చివరి రాజ్యమైన గ్రనడా 1492 వఱకు నిలిచెను. నీటితొట్లు గల ముంగిళ్ళు, రంగుల పింగాణీ పలకలు స్పానిషు గృహములలో వారి ప్రభావమును తెలుపుచున్నవి. పచ్చియిటుకకు స్పానిషు పేరైన ‘అడోబె’ అరబ్బీనుండి వచ్చిన మాటయే. ఆకసమునకు తెఱచియుండు ముంగిలిని ‘పాటియో’ యందురు. మన మండువా లోగిలి నెఱిగినవారికి దాని సుఖమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

1769లో హునీపెరో సెర్రా అను క్రైస్తవ సన్యాసి శాన్ డియేగోలో మిషనును స్థాపించెను. 1823 నాటికి ఆ తీరమున ఇట్టివి 21 వెలసెను. మట్టిలో గడ్డి కలిపి, ఇటుకలు కోసి, ఎండబెట్టి, దళసరి గోడలు పెట్టిరి. వానకు కరగకుండుటకై గోడలకు సున్నము పూసి, చూరులు ముందుకు దింపిరి. 1776లో శాన్ లూయిస్ ఒబిస్పో మిషనుపై నిప్పుబాణములు పడి గడ్డికప్పులు కాలెను. ఆ పిమ్మట పెంకుల వాడుక హెచ్చెను.

ఈ పనియంతయు చేసినవారు కుమెయాయ్, చుమాష్ మొదలగు ఆదివాసులు. జ్ఞానస్నానము పొందినవారు అనుమతి లేక మిషను విడువరాదు. పాఱిపోయినవారిని సైనికులు పట్టితెచ్చుటయు, కొరడాదెబ్బలు కొట్టుటయు కలదు. క్రొత్త వ్యాధులు వేలమందిని బలిగొనెను. 1775లో కుమెయాయ్ జనులు శాన్ డియేగో మిషనును తగులబెట్టిరి; 1824లో చుమాష్‌లు మూడు మిషనులలో తిరుగబడిరి.

1821లో ఆ సీమ మెక్సికో పాలయ్యెను. 1848లో సంయుక్త రాష్ట్రముల వశమయ్యెను. మిషనులు పాడుపడెను. 1884లో హెలెన్ హంట్ జాక్సన్ అను రచయిత్రి ‘రమోనా’ యను నవలను ప్రకటించెను. ఆదివాసులకు జరిగిన అన్యాయమును లోకమునకు తెలుపుట ఆమె యుద్దేశము. పాఠకులో, అందలి ప్రణయకథకును, పాత స్పానిషు లోగిళ్ళ సొగసునకును ముగ్ధులైరి. అన్యాయము మఱుగుపడెను, లోగిలి మిగిలెను.

పనామా కాలువ తెఱచిన మఱుసటి యేట, 1915లో, శాన్ డియేగోలో జరిగిన ప్రదర్శనమునకు బెర్ట్రమ్ గుడ్‌హ్యూ స్పానిషు రీతిని భవనములు కల్పించెను. అవి చూచి జనులు తమ యిండ్లకును ఆ రీతినే కోరిరి. చిత్రకారుడు కాగోరిన జార్జి వాషింగ్టన్ స్మిత్ సాంటా బార్బరా చెంత మాంటెసీటోలో తనకై తెల్లని యిల్లొకటి కట్టుకొనగా, ఇరుగుపొరుగువారు ఆతని చిత్రములకంటె ఆ యింటినే మెచ్చిరి. అంతట నాతడు గృహనిర్మాణమునే వృత్తిగా గైకొనెను. 1925 జూను 29న భూకంపము వలన సాంటా బార్బరా వ్యాపారవీధి శిథిలమయ్యెను. అంతకుముందే ఈ రీతిని కోరుచుండిన బెర్న్‌హార్డ్ హాఫ్‌మన్, పెర్ల్ ఛేజ్ మొదలగువారి పూనికచే ఆ పట్టణము స్పానిషు రూపమున తిరిగి లేచెను.

ఈ రీతి నిలుచుటకు కారణములు స్పష్టములు. తెల్లని గోడ యెండను త్రిప్పికొట్టును, వసారా నీడనిచ్చును, ముంగిలి గాలిని, ఏకాంతమును ఒసగును. నాలుగుదిక్కులు ఒక్కతీరుగ నుండవలెనను నియమము లేనందున, కలిగినప్పుడు ఒక గది చేర్చుకొనవచ్చును. అయితే పచ్చియిటుక భూకంపమున కాగదు. కావున 1920 ప్రాంతపు ఇండ్లలో పెక్కింటికి లోపలిది కొయ్యచట్రము. పైపూత మాత్రమే మట్టిగోడను తలపించును.

గోడ తన లోపలి కొయ్యను దాచినట్లే, ఆ సొగసు తొలుత ఇటుకలు కోసినవారిని దాచినది. కాని మిషనుల సన్యాసులు జ్ఞానస్నానములు, వివాహములు, మరణములు పేరుపేరున పుస్తకములకెక్కించిరి. ఆ పుస్తకములాధారముగ నేడు చుమాష్ సంతతివారు తమ పూర్వుల నెఱుగుచున్నారు. ఇల్లు దాచినది కవిలె చెప్పినది. ఆ యిండ్ల యందమును మెచ్చుట తప్పుకాదు. కన్నులతో గోడను చూచినవారు చదువుతో ఆ గోడ పెట్టిన చేతులనుగూడ చూచినచో ఆ మెప్పు న్యాయమగును.