రాయవేలూరు కోట – ఫిరంగుల వెనుకతాపు

రాయవేలూరు కోటనుగూర్చి వ్రాసినవారు గోడల నల్లరాతిని, అగడ్తను, జలకంఠేశ్వరాలయ కల్యాణమంటపమును మిక్కిలి వర్ణించిరి. ఆ యాలయము చిరకాలము ఆయుధాగారమై, 1981లో గాని మరల స్వామి ప్రతిష్ఠకు నోచుకొనలేదన్న సంగతియు పలువు రెఱుగుదురు. కాని యా గోడల నెదుర్కొనిన ఫిరంగుల నడవడినిగూర్చి మనవారు చెప్పినది స్వల్పము. గుండు ముందునకు పోవునపుడు ఫిరంగి వెనుకకు తన్నును. గుఱ్ఱము వెనుకకాళ్లతో తన్నుటను మనవారు తాపు అందురు గనుక ఆ మాటనే యిచట గ్రహించితిని.

3 కిలోల గుండు సెకనుకు 400 మీటర్ల వేగముతో వెడలినదనుకొందము. బండితో కూడ ఫిరంగి 600 కిలోలు తూగినచో, అది సెకనుకు 2 మీటర్ల వేగమున వెనుకకు దొరలును. మందు మండి వెలువడు వాయువుల యూపును గూడ చేర్చినచో నింకను హెచ్చు. పూర్వపు ఫిరంగులలో గొట్టము బండికి బిగించియుండుటచే బండి యంతయు కదలిపోవుచుండెను. గోలందాజులు ప్రతి దెబ్బకును దానిని యథాస్థానమునకు త్రోసి, గొట్టమును తడిగుడ్డతో తుడిచి, మందును గుండును కూరి, గుఱిని క్రొత్తగా కట్టవలసినదే. చక్రము వెనుక నేమఱి నిలిచినవాని కాలు విఱుగుటయు కలదు.

1677లో శివాజీ సేనలు బీజాపురమువారి యధీనమందున్న యీ కోటను ముట్టడించెను. ఎదుటి కొండలపై సజరా, గోజరా యను దుర్గములను నిలిపి ఫిరంగుల నెక్కించిరి. అయినను కోట 1678లో గాని లొంగలేదు. పదునాలుగు నెలలు పట్టినది. గోడ కూలవలెనన్న ఒకేచోట మరల మరల కొట్టవలెను. కొండనెత్తిన, ఇఱుకైన రాతినేలమీద, ఒక్కొక్క దెబ్బకు బండి చెదరిపోవు ఫిరంగికి అది దుస్సాధ్యము. ఆలస్యమునకు వేఱు కారణములును గలవు. ఇదియు నొకటియని నా తలంపు.

బండి దొరలకుండుటకు నాడున్న ముఖ్యోపాయము బరువు. 1799 ఫిబ్రవరిలో జనరల్ హారిస్ సేన వేలూరునుండి ఆంబూరుమీదుగా మైసూరు సీమకు తరలెను. కోటగోడలు పగులగొట్టు పెద్ద ఫిరంగులను లాగినవి యెద్దులే. ఆ దారికి ఉత్తరమున, పాలాఱులో గలియు కౌండిన్యానది యొడ్డున గుడియాత్తమున్నది. కనుమ యెగువకు బండి తోలిన గుడియాత్తము రైతునకు ఆ శ్రమ యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. పేలునపుడు వెనుకతాపు నణచిన బరువే ప్రయాణమున ఎద్దుమెడపై కాడియై పడెను.

1806 జూలై 10న సిపాయిలు తిరుగబడినపుడు వ్యవహారము వేఱు. ఆర్కాటునుండి గిలెస్పీ 19వ లైట్ డ్రాగూను రౌతులతో పరుగున వచ్చెను. గుఱ్ఱపుదళముతో సాగు తేలిక ఫిరంగులు వెనుక వచ్చినవి. వానిని గ్యాలపరు లనిరి. లోవాకిలి తలుపులను వానితోనే పగులగొట్టిరి. తలుపున కెదురుగ, అంత చేరువనుండి కాల్చునపుడు గుఱి చెదరునన్న చింత లేదు. బండి వెనుకకు పోయినను నష్టము లేదు. 128 ఏండ్లకు పూర్వము పదునాలుగు నెలలు నిలిచిన కోట ఒక్కపూటలో చేజిక్కినది. నగరులో దాగిన నూఱుమందికి పైగా సిపాయిలను వెలికి దెచ్చి గోడయొద్ద నిలిపి చంపిరి. పిదప విచారణ జరిపి ఆఱుగురిని ఫిరంగి మూతులకు గట్టి పేల్చిరి. ఇచట యంత్రముల లెక్కలు వ్రాయు కలము కొంత తడబడును.

బండిని కదలనీయక గొట్టమును మాత్రము వెనుకకు జరుగనిచ్చు నుపాయము 1897 నాటి ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల ఫిరంగితో స్థిరపడెను. గొట్టము జాఱునపుడు ముషలకము నూనెను సన్నని రంధ్రములగుండ నెట్టును. ఆ యొరపిడిలో తాపు వేడిగా మాఱి యణగును. అంతలో నొత్తిడికి లోనైన గాలి వ్యాకోచించి గొట్టమును ముందునకు చేర్చును. గుఱి చెదరదు గనుక నిమిషమునకు 15 గుండ్లు కాల్చుట సాధ్యమైనది. 1904 నాటి ఆంగ్లేయుల 18 పౌండ్ల ఫిరంగిలో గాలికి బదులు ఉక్కుచుట్టలుండెను. 1914–18 యుద్ధమున ఎడతెగక కాల్చుటచే అవి విఱుగసాగెను. తుదకు వారును గాలినే యాశ్రయించిరి. తరువాత మన సైన్యము చిరకాలము వాడిన 25 పౌండ్ల ఫిరంగియు నూనె, గాలి పద్ధతిదే.

ఈ యంత్రము మొఱటుతనము నోర్వదు. నూనె తగ్గినచో గొట్టము వెనుక కొసకు పోయి బలముగ తాకును. హెచ్చినను కీడే: ఎడతెగక కాల్చునపుడు నూనె వేడెక్కి ఉబ్బి, గొట్టమును పూర్తిగా ముందునకు రానీయదు, వేలూరు వేసవి దానికి తోడగును. గాలి కాఱిపోయినచో, మూతి యెత్తి కాల్చునపుడు గొట్టము వెనుకనే నిలిచిపోవును. ముషలకపు కడ్డీపై చిన్న తుప్పుగాని ఇసుకరేణువుగాని కూరుపట్టీని కోయును. అచటినుండియే నూనె కాఱుట మొదలగును. లోపల నొత్తిడి యుండగా మర విప్పుట ప్రాణాంతకము. అందుచే ఎఱిగిన గోలందాజు పేలిన ప్రతిసారియు గొట్టమెంత దూరము వెనుకకు పోయినదో కొలబద్దమీది ముల్లును చూచును. ముల్లు హద్దు దాటినచో కాల్చుట నాపించి, ముందుగా నూనెను పరీక్షించును.