మూడు విషయాల కేంద్రం: 1946 నాటి పథకం, అది మిగిల్చిన ప్రశ్న

భారతదేశంలో కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య అధికారాల పంపకం ఎలా జరిగిందని అడిగితే, సాధారణంగా రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలును చూపిస్తారు. 1950లో దానిలో కేంద్ర జాబితాకు 97, రాష్ట్ర జాబితాకు 66, ఉమ్మడి జాబితాకు 47 అంశాలు ఉండేవి. కాని జాబితాలు ఫలితం మాత్రమే. వాటి వెనుక 1946 వసంతం నుండి 1947 జూలై వరకు నడిచిన చరిత్ర ఉన్నది. ఆ కొద్ది కాలంలోనే ఒక దేశానికి పరస్పర విరుద్ధమైన రెండు నమూనాలు తయారైనవి. ఈ మార్పు ముస్లింల భద్రత అనే ప్రశ్నతో ముడిపడి ఉన్నందున దానిని నిదానంగా పరిశీలించడం అవసరం.

1946 మార్చిలో పెథిక్ లారెన్స్, స్టాఫర్డ్ క్రిప్స్, ఎ.వి. అలెగ్జాండర్‌లతో కూడిన బ్రిటిష్ మంత్రివర్గ బృందం ఢిల్లీ చేరింది. అప్పుడు కాంగ్రెస్ అధ్యక్షుడు మౌలానా అబుల్ కలాం ఆజాద్. దేశ విభజనను ఆయన అంగీకరించలేదు. అయితే ముస్లింల భయాన్ని వట్టి అపోహగా కొట్టివేయనూ లేదు. కేంద్రానికి రక్షణ, విదేశ వ్యవహారాలు, రవాణా-వార్తా సౌకర్యాలు తప్పనిసరిగా ఉండాలి. మిగిలిన వాటిలో రాష్ట్రాలు తమంతట తాముగా ఇచ్చినవే కేంద్రానికి చెందాలి. తక్కినదంతా రాష్ట్రాలదే కావాలి అన్నది ఆయన సూచన. ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్న రాష్ట్రాలు తమ వ్యవహారాలను తామే నడుపుకొంటే, విభజన కోరవలసిన అవసరమే ఉండదని ఆయన భావించారు.

మే 16న బృందం ప్రకటించిన పథకం చాలావరకు ఈ ఆలోచనకు దగ్గరగా ఉన్నది. కేంద్రానికి పై మూడు విషయాలు, వాటికి కావలసిన ధనం సమకూర్చుకొనే అధికారం మాత్రమే ఇవ్వబడినవి. అవశిష్టాధికారాలన్నీ రాష్ట్రాలకు దక్కినవి. ఏదైనా ముఖ్యమైన మతసంబంధ వివాదం కేంద్ర శాసనసభ ముందుకు వస్తే, మొత్తం సభ్యుల మెజారిటీతో పాటు రెండు ప్రధాన మతవర్గాల ప్రతినిధుల మెజారిటీ కూడా విడివిడిగా కావాలన్నది మరొక నిబంధన. అయితే పథకం రాష్ట్రాలను మూడు విభాగాలుగా చేసింది. మద్రాసు, బొంబాయి, సంయుక్త రాష్ట్రాలు, బీహారు, మధ్య పరగణాలు, ఒరిస్సా మొదటి దానిలో చేరినవి. పంజాబు, సింధు, వాయవ్య సరిహద్దు రాష్ట్రం రెండవ దానిలోను, బెంగాలు, అస్సాం మూడవ దానిలోను ఉన్నవి.

పథకం చిక్కుపడినది ఈ విభాగాల వద్దనే. అవి తప్పనిసరి అని ముస్లిం లీగ్ పట్టుపట్టింది. రాష్ట్రాల ఇష్టానుసారమని కాంగ్రెస్ వాదించింది. బెంగాలుతో కలిపి కూర్చోబెట్టడాన్ని అస్సాం ప్రధాని గోపీనాథ్ బర్దొలాయ్ గట్టిగా ప్రతిఘటించారు. అనగా రాష్ట్రాల స్వాతంత్ర్యం కోసం రచించిన పథకంలోనే ఒక రాష్ట్రం తన స్వాతంత్ర్యానికి ముప్పును చూసింది! జూలై 10న బొంబాయిలో, రాజ్యాంగ సభలో కాంగ్రెస్ ఏ ఒప్పందానికీ కట్టుబడి ఉండదన్న అర్థంలో నెహ్రూ మాట్లాడారు. అదే నెలాఖరులో లీగ్ తన అంగీకారాన్ని ఉపసంహరించుకొన్నది.

అయినప్పటికీ ఆ నమూనా వెంటనే మాయం కాలేదు. 1946 డిసెంబరు 13న రాజ్యాంగ సభలో నెహ్రూ ప్రతిపాదించిన ఆశయాల తీర్మానం సైతం అవశిష్టాధికారాలను రాష్ట్రాలకే ఉంచింది. 1947 జూన్ 3న విభజన ప్రకటన వెలువడిన తరువాత పరిస్థితి తారుమారైనది. జూలైలో నెహ్రూ అధ్యక్షతన గల కేంద్రాధికారాల సంఘం తన రెండవ నివేదికలో, విభజన తేలిపోయినందున బలహీనమైన కేంద్రం దేశానికి హానికరమని అభిప్రాయపడింది. అవశిష్టాధికారాలు కేంద్రానికి వెళ్ళినవి. ఈ ధోరణి అందరికీ రుచించలేదు. రాజ్యాంగ సభలో మౌలానా హస్రత్ మోహానీ, ఈ దేశం గణరాజ్యాల సమాఖ్యగా ఉండాలని కడదాకా వాదించారు. కాని ఆయన వాదన నెగ్గలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. 1946 నాటి బలహీన కేంద్రం ఎవరిని కాపాడేది? పంజాబు, బెంగాలు ముస్లింలకు అది అధికారాన్ని ఇచ్చేది. కర్నూలు, గుంటూరు, పాట్నా, లక్నో ముస్లింలు తమ రాష్ట్రాలలో అల్పసంఖ్యాకులే. రాష్ట్రానికి ఎంత అధికారం పెరిగితే వారు అంతగా స్థానిక మెజారిటీ దయమీద ఆధారపడవలసి వచ్చేది. కేంద్రంలో తోటి ముస్లిం ప్రతినిధుల బలమే వారికి ఆసరా. విభజనతో ఆ ఆసరా పోయింది. 1951 జనగణన నాటికి భారతదేశంలో మిగిలిన సుమారు మూడున్నర కోట్ల ముస్లింలలో అత్యధికులు ఈ స్థితిలోనే ఉన్నారు. ప్రత్యేక నియోజకవర్గాలు రద్దయినవి. 1949లో మతపరమైన అల్పసంఖ్యాకులకు సీట్ల కేటాయింపు కూడా విరమించబడింది.

అయితే మే 16 పథకంలోనే అంతగా ఎవరూ పట్టించుకోని ఒక పేరా ఉన్నది. పౌరుల హక్కులు, అల్పసంఖ్యాకుల సమస్యలపై ఒక సలహా సంఘాన్ని నియమించాలని అది చెప్పింది. 1947 జనవరిలో ఏర్పడిన ఆ సంఘానికి వల్లభ్‌భాయ్ పటేల్ అధ్యక్షత వహించారు. ప్రాథమిక హక్కుల అధ్యాయం అక్కడ రూపుదిద్దుకొన్నది. 25 నుండి 30 వరకు గల అధికరణాలు మతస్వేచ్ఛకూ, భాషా సంస్కృతులకూ, సొంత విద్యాసంస్థలకూ రక్షణ కల్పించినవి. ఈ హక్కులు కేంద్రాన్నీ రాష్ట్రాలనూ సమానంగా కట్టివేస్తాయి. అసలు విశేషం ఇదే.

రెండు ఉదాహరణలు చాలు. కేరళ శాసనసభ 1957లో ఆమోదించిన విద్యా బిల్లు విషయంలో, ప్రభుత్వ సహాయం పొందాలంటే అల్పసంఖ్యాక సంస్థలు తమ నిర్వహణ హక్కును వదులుకోవాలనరాదని 1958లో సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పింది. అక్కడ హద్దు గీయబడినది రాష్ట్రానికి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం కేంద్ర జాబితాలోనిది. పార్లమెంటు దాని చట్టాన్ని మార్చినప్పుడు, అది ముస్లింలు స్థాపించిన సంస్థ కాదని 1967లో అదే కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును కొట్టివేయడానికి 2024 నవంబరు వరకు వేచి ఉండవలసి వచ్చింది. అప్పుడు కూడా ఆ విశ్వవిద్యాలయపు హోదాను తేల్చే పని మరొక ధర్మాసనానికి వదలివేయబడింది.

తెలుగువారికి ఈ తూకం అనుభవంలోనిదే. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని, శాసనసభలో బలం పరీక్షించకుండానే గవర్నరు బర్తరఫ్ చేశారు. నెల తిరగగానే ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయినారు. మెజారిటీ తేలవలసినది శాసనసభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2014లో రాష్ట్ర విభజన బిల్లును ఆంధ్రప్రదేశ్ శాసనసభ తిరస్కరించినా, మూడవ అధికరణం ప్రకారం పార్లమెంటు దానిని ఆమోదించగలిగింది. మరొకవైపు, రాష్ట్రానికి గల అధికారంతోనే 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది.

కనుక బలమైన కేంద్రమే రక్షణ అనడం గాని, బలమైన రాష్ట్రాలే రక్షణ అనడం గాని చరిత్రకు సరిపడదు. 1946లో భద్రతను భూభాగంలో వెతికారు. ఆ భూభాగం వెలుపల ఉన్న కోట్లాది మందికి ఆ లెక్కలో చోటు దొరకలేదు. వారికి మిగిలినది హక్కుల అధ్యాయం. ఢిల్లీలోనైనా, రాష్ట్ర రాజధానిలోనైనా అధికారం ఎటు మొగ్గినా, ఆ అధ్యాయాన్ని చదివి, తెలిసికొని, అవసరమైనప్పుడు న్యాయస్థానంలో నిలబెట్టుకొనే సమాజానికే అది పనికివస్తుంది.