వెచ్చని కొలను గల ఇల్లు

ఇల్లు కొనబోవునపుడు మనవారు మొదట నూతినీరు రుచి చూతురు. వీధిపోటు కలదేమో విచారింతురు. ప్రక్కయింటి చూరునీరు ఎవరి దొడ్డిలో పడుచున్నదో గమనింతురు. ఇవి కుదిరిన పిమ్మటనే బేరము. రెండువేల యేండ్లకు పూర్వము ఇటలీదేశపు పడమటి తీరమున మేడలు కొన్న రోమను శ్రీమంతులకు వీనితోపాటు మరియొక కోరిక యుండెను: స్నానశాల వెచ్చగా నుండవలెను. ఆ కోరికను కనిపెట్టి, దానిని సొమ్ము చేసికొన్న యొక గృహస్థుని కథను మేమిచట ముచ్చటింపదలచితిమి.

అతని పేరు గాయస్ సెర్జియస్ ఓరాటా. క్రీస్తుకు పూర్వము నూరవ సంవత్సరపు ప్రాంతమువాడు. ఓరాటా యనునది బంగారువన్నె గల యొక చేప పేరు. ఆ చేపయందలి మక్కువచే అతని కా పేరు వచ్చెనని కొందరును, రెండు పెద్ద బంగారుటుంగరములు ధరించుటచే వచ్చెనని కొందరును వ్రాసిరి. నేపుల్సు నగరమునకు పడమటనున్న బాయియే తీరము అతని వ్యాపారస్థానము. అచటి లుక్రీను సరస్సులో ఆలిచిప్పలను పెంచి, రోమునగరపు విందులకు అమ్మి, అతడు ధనవంతుడయ్యెను. ఆ సరస్సు ఇప్పుడు చాల చిన్నది. 1538లో ప్రక్కనే యొక కొత్త అగ్నిపర్వతము లేచి దానిని చాలవరకు పూడ్చివేసినది. బాయియే తీరమును నేల క్రుంగి సముద్రములోనికి దిగినది. నాటి మేడల నేలలను, రంగురాళ్ల చిత్రములను నేడు నీట మునుగువారు చూచి వచ్చుచున్నారు.

క్రీ.శ. 79లో వెసూవియస్ ప్రేలినపుడు మరణించిన పెద్ద ప్లినీ, తన ప్రకృతిచరిత్ర గ్రంథమున ఓరాటాను తలచినాడు. ఆలిచిప్పల మళ్లను మొదట కట్టినవాడు ఇతడేనట. జిహ్వచాపల్యముచే గాక ధనాశచే కట్టెనట. "వ్రేలాడు స్నానశాలలు" అనువానిని గూడ నితడే కల్పించి, మేడలకు ఆ హంగు కూర్చి, మరల మరల అమ్ముచుండెనట. ఇచట ప్లినీ వాడిన మాట గమనింపదగినది. బానిసల వర్తకుడు తన సరకునకు రంగు పూసి, మెరుగుపెట్టి సంతలో నిలువబెట్టు పనికి లాటిను భాషలో నొక పదము కలదు. దానినే ప్లినీ ఓరాటా మేడలకు వర్తింపజేసెను. అది మెచ్చుకోలు కాదు.

వ్రేలాడుట యనగా, నేల పునాదిపై ఆనక పైకెత్తబడి యుండుట యని సామాన్యముగా చెప్పుదురు. దాని కట్టడమును విట్రూవియస్ అను వాస్తుశాస్త్రవేత్త క్రీ.పూ. మొదటి శతాబ్దిలో వివరించినాడు. రెండడుగుల యెత్తున చిన్న యిటుక స్తంభములను వరుసగా నిలుపవలెను. వెండ్రుకలు కలిపిన బంకమట్టితో ఇటుకలను అతుకవలెను. వానిపై రెండేసి అడుగుల పలకలు పరచి, ఆ పైని గచ్చు వేయవలెను. అడుగు భాగమంతయు బోలుగా నుండును. ఒక ప్రక్క పొయ్యి. లోపలి నేల పొయ్యివైపునకు ఎంత వాలియుండవలె ననగా, లోనికి విసరిన బంతి అచట నిలువక తిరిగి పొయ్యినోటికే దొర్లి రావలెనట! అట్లున్నచో మంట పైనేల క్రింద సుళువుగా వ్యాపించును. తరువాతి కాలమున గోడలలో గూడ బోలుపెంకులు అమర్చి వేడిని పైకి పంపిరి. మనము కాగు క్రింద కట్టెలు పెట్టి నీరు కాచుకొని, చెంబులతో తోడుకొనుచుంటిమి. వారు గదినే కాగుగా చేసికొనిరి. ఆ పొయ్యినోట కట్టెలు త్రోయుచు, వేసవిలో గూడ ఆ సెగకు నిలిచినవారు బానిసలు. విట్రూవియస్ ఆ ప్రకరణమున కొలతలన్నియు చెప్పెను గాని వారి ఊసెత్తలేదు.

ఓరాటాయే దీనిని కనిపెట్టెనని నేటి పండితులు అంగీకరింపరు. క్రీ.పూ. 125లో రోమను సేనలు ధ్వంసము చేసిన ఫ్రెగెల్లే పట్టణపు శిథిలములలోనే ఇట్టి నేలలు బయల్పడినవి. గ్రీకుల స్నానశాలలలోను నేల క్రింద వేడి పంపు పద్ధతులు అంతకు ముందే కలవు. కాని కొత్త హంగును కనిపెట్టుట వేరు, దానికి ధర కట్టుట వేరు. రెండవదానిలో ఓరాటాకు సాటి లేడు.

ఇండ్ల బేరములలో అతడు న్యాయస్థానము నెక్కిన ముచ్చట సిసెరో మహావక్త క్రీ.పూ. 44లో రచించిన ధర్మగ్రంథమున నున్నది. మారియస్ గ్రాటిడియానస్ అను నాతడు ఓరాటాయొద్ద నొక యిల్లు కొని, కొన్నియేండ్ల పిమ్మట దానిని తిరిగి ఓరాటాకే అమ్మెను. ఆ యింటిపై ఇతరులకొక హక్కు కలదు. త్రోవ నడచుటకో, చూరునీరు వదలుటకో పొరుగువారికుండు ఇట్టి హక్కును మన కోర్టులలో ఈజుమెంటు అందురు. అమ్మునపుడు గ్రాటిడియానస్ ఆ సంగతి చెప్పలేదు. ఓరాటా దావా వేసెను. అతని పక్షమున లూసియస్ క్రాసస్, ప్రతివాది పక్షమున మార్కస్ ఆంటోనియస్: ఆనాటి న్యాయవాదులలో ఇరువురును మేటులే. తెలిసిన లోపమును దాచిన అమ్మకందారు నష్టము చెల్లింపవలసినదేయని క్రాసస్ చట్టమును పట్టుకొనెను. ఆ యింటిని మొదట అమ్మినవాడే ఓరాటా గదా, అతనికి తెలియని లోపమేమి, అతడు మోసపోయిన దెట్లని ఆంటోనియస్ న్యాయబుద్ధిని ఆశ్రయించెను. మాకు ఆంటోనియస్ మాటయే సబబుగా తోచుచున్నది. తీర్పెట్లు వచ్చెనో సిసెరో చెప్పలేదు. పూర్వులు జిత్తులమారులను మెచ్చలేదని మాత్రము వ్రాసి ఊరకుండెను.

సరస్సులో ప్రజల నీటిని ఆక్రమించెనని ఓరాటాపై మరియొక వ్యాజ్యము గూడ నడచినది. ఈసారి క్రాసస్ అతనికి ఎదురుపక్షము! సరస్సునుండి వెడలగొట్టినంతమాత్రమున ఇతనికి ఆలిచిప్పలు కరవగునా, ఇంటి పెంకులలోనైనను పుట్టించుకొనునని సభను నవ్వించెనట. ఆ క్రాసస్ క్రీ.పూ. 91లో మరణించెను గనుక ఈ రెండు వ్యాజ్యములును అంతకు ముందటివే.

ఇక ఈదుటకు తగిన వేడినీటి కొలనును రోమునగరములో మొదట కట్టించినవాడు, అగస్టస్ చక్రవర్తికి ఆప్తుడు, కవిపోషకుడునైన మెసీనాస్ అని కాసియస్ డియో వ్రాసెను. అతడు క్రీ.పూ. 8లో గతించెను. మరి నూరేండ్లకు, పెద్ద ప్లినీ మేనల్లుడైన చిన్న ప్లినీ, రోమునకు పదునేడు మైళ్ల దూరమున సముద్రపుటొడ్డునున్న తన మేడను వర్ణించుచు మిత్రునికి పెద్ద జాబు వ్రాసినాడు. అందు ఈత కొట్టుచునే సముద్రమును చూడగల వేడినీటి కొలను కలదు. దానిని గూర్చి అతడు మురిసిపోయినాడు. పారునీరు మాత్రము ఆ మేడకు లేదని, బావులే గతియని, కట్టెలకు దగ్గరి అడవులు చాలునని గూడ దాపరికము లేక వ్రాసినాడు. అంతతో నాగలేదు. సమీపగ్రామమున అద్దె చెల్లించి స్నానము చేయదగిన శాలలు మూడు కలవట. అనుకొనకుండ వచ్చినపుడును, ఒకటి రెండు దినములే ఉండదలచినపుడును, ఇంటి స్నానశాలను కాచు శ్రమ యెందుకని తలచువారికి అవి మిక్కిలి సౌకర్యమట.