రోడియం పూత

రోడియం పూత అంటే నగలపైన, చేతి గడియారాల భాగాలపైన విద్యుత్తు సాయంతో రోడియం లోహాన్ని పలుచగా ఎక్కించే పని. దుకాణాల్లో దీన్నే రోడియం పాలిష్ అంటారు. రుద్ది తెచ్చే మెరుగుకూ దీనికీ పోలిక లేదు. అడుగున ఉన్న లోహం మీద మరో లోహం పొరగా వచ్చి కూర్చుంటుంది. అలంకారం కోసం వేసే పొర మందం సాధారణంగా మైక్రాన్‌లో ఇరవయ్యో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. తల వెంట్రుక మందం సాధారణంగా పదుల మైక్రాన్లలో ఉంటుంది గనుక ఈ పొర ఎంత సన్ననిదో ఊహించుకోవచ్చు.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ప్లాటినం ముడిఖనిజాన్ని కరిగించి శోధిస్తూ లండన్‌లో విలియం హైడ్ వొల్లాస్టన్ ఈ లోహాన్ని కనుగొన్నాడు. 1804లో రాయల్ సొసైటీకి ఆ సంగతి తెలియజేశాడు. దాని లవణాలు గులాబీ రంగులో ఉండటం వల్ల గ్రీకులో గులాబీకి ఉన్న మాటతోనే పేరు పెట్టాడు. లోహం మాత్రం వెండిలా తెల్లన. గాలికి నల్లబడదు, మామూలు ఆమ్లాలకు లొంగదు, 1,964 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు. ఇంత మొండి లోహాన్ని కొట్టి, సాగదీసి నగ చేయడం కంసాలికి పెద్ద యాతన. అందుకే ఆభరణాల లోకంలో వందేళ్లకు పైగా దాన్ని పట్టించుకున్నవారు లేరు.

దాన్ని వెలుగులోకి తెచ్చింది తెల్లని నగల మోజు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో యూరప్, అమెరికాల్లో వజ్రాలను ప్లాటినంలో పొదగడం ఘనంగా ఉండేది. ప్లాటినం ఖరీదు భరించలేనివారి కోసం బంగారంలో నికెల్, పల్లాడియం వంటివి కలిపి వైట్ గోల్డ్ తయారు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్లాటినాన్ని సైనికావసరాలకే పరిమితం చేయడంతో వైట్ గోల్డ్‌కు గిరాకీ ఇంకా పెరిగింది. అయితే అందులో పసుపు ఛాయ చాలావరకు పూర్తిగా పోదు. 1930ల ఆరంభంలో వాణిజ్యానికి పనికొచ్చే రోడియం స్నానాలు, అంటే పూత వేసే ద్రావణాలు, అందుబాటులోకి రావడంతో ఆ లోపం కప్పుకునే దారి దొరికింది. ఈ రోజు వజ్రాల దుకాణంలో ధగధగలాడే వైట్ గోల్డ్ ఉంగరంలో మన కంటికి కనబడేది చాలావరకు రోడియమే.

గడియారాల్లో దాని పని వేరు. యంత్రాన్ని మోసే పలకలు, వంతెనలు ఎక్కువగా ఇత్తడివే. తేమ తగిలితే ఇత్తడి మీద మచ్చలు పడతాయి. పూర్వం వాటికి బంగారు నీరు పట్టించేవారు, తర్వాత నికెల్ వచ్చింది, ఆపైన స్విస్ పనివాళ్లు రోడియానికి మళ్లారు. పలకల మీద గీతల నగిషీ చెక్కిన తర్వాతే పూత వేస్తారు. పొర సన్ననిది గనుక ఒక్క గీత కూడా పూడిపోదు. డయల్ మీది ముళ్లకూ అంకెల గుర్తులకూ ఇదే పూత. గాజు కింద వాటిని ఏ చేయీ తాకదు కాబట్టి దశాబ్దాలు నిలుస్తుంది. పాత గడియారాల కేసుల మీద చెమటకు పొట్టులేచేది క్రోమియం పూత. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఈ పూతకు అడుగున ఉండే లోహాల పనితనాలు తెలుగు నేల మీద మూడు చోట్ల కనిపిస్తాయి. పెంబర్తి ఇత్తడి, కరీంనగర్ వెండి తీగ నగిషీ, బందరు పక్కన చిలకలపూడి గిల్టు నగలు. ఇవేవీ రోడియంతో పుట్టినవి కావు. కానీ పూత గుణం అడుగు లోహాన్ని బట్టి ఎలా మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణలు లేవు.

ఇత్తడినీ రాగినీ నేరుగా ఆమ్లపు స్నానంలో ముంచితే అవి కరిగి ద్రావణాన్ని చెడగొడతాయి. కనుక ముందు నికెల్ గాని పల్లాడియం గాని ఎక్కించాలి. చవకగా దొరికే తెల్ల రాళ్ల గిల్టు సెట్లలో సాధారణంగా ఉండేది నికెలే. పైపొర అరిగాక మెడ మీద దద్దుర్లు వచ్చాయంటే కారణం చాలాసార్లు అదే.

వెండి సంగతి ఇంకా సున్నితం. గాలిలోని గంధకానికి అది నల్లబడుతుంది, రోడియం దాన్ని ఆపుతుంది. అయితే మెరుగుపెట్టిన వెండి తన మీద పడ్డ వెలుగులో 95 శాతం దాకా తిప్పికొడితే, రోడియం తిప్పికొట్టేది 80 శాతం లోపే. పూత పడ్డ వెండి కాస్త నీలి బూడిద ఛాయకు దిగుతుంది. పైగా విద్యుత్తు అంచులకు ఎక్కువగా, లోతులకు తక్కువగా చేరుతుంది కాబట్టి తీగల సందుల్లో పొర సరిగా పడదు. కరీంనగర్ నగిషీని కుంకుడు రసంతో కడుక్కోవడమే మేలు. ఆ తీగల అందమంతా వెండి తెలుపులోనే ఉంది.

పూత వేసే గదిలో పని చూస్తే ఓర్పంతా శుభ్రతకే ఖర్చవుతుంది. నగను అల్ట్రాసోనిక్ తొట్టెలో కడిగి, జిడ్డు తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, పలచని గంధకామ్లంలో తేల్చి అప్పుడు స్నానంలోకి దించుతారు. లీటరుకు సుమారు 2 గ్రాముల రోడియం ఉన్న ద్రావణం, రెండు మూడు వోల్టులు, నిమిషం లోపు సమయం చాలు. వేలిముద్ర పడినచోట మచ్చ మిగిలిపోతుంది. పసుపు బంగారం గాజుల్లో రాళ్ల చుట్టూ మాత్రమే తెలుపు కావాలంటే మిగతా భాగానికి నెయిల్ పాలిష్ పూసి కాపాడతారు, లేదా పెన్నులాంటి సాధనంతో అద్దుతారు. మందం మరీ పెంచితే లోపలి ఒత్తిడికి పొర పగుళ్లిస్తుంది.

ఈ లోహం ధర నగల వాళ్ల చేతుల్లో లేదు. ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు 80 శాతం దక్షిణాఫ్రికాది. వాడకంలో అత్యధిక భాగం కార్ల పొగను శుద్ధి చేసే పరికరాలది. 2008లో ఔన్సు 10,000 డాలర్లకు చేరి, ఆ ఏడాది చివరికే పదో వంతుకు పడిపోయింది. 2021 మార్చిలో 30,000 డాలర్ల దరిదాపులకు వెళ్లింది.

రోజూ పెట్టుకునే ఉంగరం మీద పూత ఏడాది, రెండేళ్లలో అరుగుతుంది. చెవి కమ్మల మీద చాలా కాలం ఉంటుంది. హాల్‌మార్క్ చెప్పేది అడుగు బంగారం స్వచ్ఛతనే, పూత నాణ్యతను కాదు. కాబట్టి కొనేటప్పుడు అడుగున ఏ లోహం ఉందో, నికెల్ కలిసిందో లేదో, మళ్లీ పూత వేయడానికి ఎంత తీసుకుంటారో అడిగి బిల్లు మీద రాయించుకోండి.