లేక్ లేనియర్: నీళ్ళకు ముందు

కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద జరగాల్సిన వనభోజనాలు మా అట్లాంటాలో జూన్‌లోనో జూలైలోనో పైన్ చెట్ల కింద జరిగిపోతాయి. పులిహోర, పెరుగన్నం, ఒక పక్క గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తులు, ఎదురుగా నీలంగా మెరిసే లేక్ లేనియర్. పిల్లలు నీళ్ళలో, పెద్దలు పేకాటలో. ఒకసారి మా అబ్బాయి తడిబట్టలతో పరుగెత్తుకొచ్చి, "నాన్నా, ఈ నీళ్ళ కింద నల్లవాళ్ళ ఊరుందట, వాళ్ళను వెళ్ళగొట్టడానికే ఈ లేక్ కట్టారట, అందుకే దయ్యాలున్నాయట, నిజమేనా?" అని అడిగాడు. జవాబు తెలియక, "ముందు తల తుడుచుకోరా" అని తప్పించుకున్నాను. తరువాత చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ముందు సరస్సు సంగతి. చాటహూచీ నదికి అడ్డంగా అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం బ్యూఫోర్డ్ డ్యామ్ నిర్మాణం మొదలుపెట్టింది 1950లో. 1956లో నీళ్ళు నిలపడం ప్రారంభించారు. వరద నివారణ, జలవిద్యుత్తు, నౌకాయానం అప్పటి లక్ష్యాలు; పడవ షికార్లు, అట్లాంటా మంచినీళ్ళు తరువాత పెద్దవయ్యాయి. దాదాపు 38 వేల ఎకరాల నీళ్ళు, సుమారు 690 మైళ్ళ తీరం. 1996 ఒలింపిక్స్‌లో పడవ పందేలు ఇక్కడే జరిగాయి. పేరు మాత్రం సిడ్నీ లేనియర్ అనే జార్జియా కవిది. ఆయన ఈ నది మీద కవిత రాశాడు. అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టాలన్న దక్షిణాది పక్షాన పోరాడాడు కూడా.

ఈ ముంపులో సుమారు 700 కుటుంబాలు కదలవలసి వచ్చింది. పొలాలు కొన్నారు, సమాధులు తరలించారు. ముంపు బాధ మనకు కొత్త కాదు. అదే కాలంలో, 1955 డిసెంబరులో, నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. అక్కడి లోయను ముందే తవ్వి, బౌద్ధ కట్టడాలలో ముఖ్యమైనవాటిని కొండ మీదా అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. పరిహారం చాలినా చాలకపోయినా, పోయినదానికి ఒక లెక్క ఉంది.

కానీ మా అబ్బాయి విన్న కథలో తారీఖులు తారుమారయ్యాయి. లేక్ పడమటి ఒడ్డున ఉన్న ఫోర్సైత్ కౌంటీ నుంచి నల్లజాతివారిని వెళ్ళగొట్టింది నీళ్ళు కాదు, మనుషులు. అదీ డ్యామ్‌కు దాదాపు నలభై ఏళ్ళ ముందు, 1912లో.

ఆ సెప్టెంబరులో ఆస్కర్‌విల్ అనే పల్లె దగ్గర ఒక తెల్ల యువతి మీద దాడి జరిగింది, ఆమె చనిపోయింది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి కమ్మింగ్ ఊళ్ళోని జైలు నుంచి లాగి మూక చంపేసింది. మరో ఇద్దరు కుర్రవాళ్ళకు హడావుడి విచారణ జరిపి అక్టోబరులో ఉరి వేశారు. ఆ తరువాత రాత్రిళ్ళు గుర్రాల మీద వచ్చినవాళ్ళు చర్చిలు తగలబెట్టారు, ఇళ్ళ మీద కాల్పులు జరిపారు. కొద్ది నెలల్లోనే సుమారు 1,100 మంది కౌంటీ వదిలిపోయారు. కొందరు భూములు అయినకాడికి అమ్ముకున్నారు. మరికొందరి భూములు అమ్మిన దాఖలా లేకుండానే తెల్లవారి పేర్లకు మారిపోయాయి.

ఇక్కడే అసలు విషయం ఉంది. 1950లలో ప్రభుత్వం ముంపు భూములు కొన్నప్పుడు డబ్బు ముట్టింది అప్పటి హక్కుదారులకు. 1912లో పారిపోయినవారి పేర్లు ఆ జాబితాకు ఎక్కే అవకాశమే లేదు. నీళ్ళు వాళ్ళను ముంచలేదు. వాళ్ళ ఆనవాళ్ళలో కొన్నిటిని మాత్రం కప్పేశాయి.

ఆ తరువాత దాదాపు డెబ్బై అయిదేళ్ళు ఆ కౌంటీ తెల్లవాళ్ళదే. 1987 జనవరి 17న హోసియా విలియమ్స్ వంటి నాయకులతో కమ్మింగ్‌లో సాగిన చిన్న ఊరేగింపు మీద రాళ్ళు, సీసాలు పడ్డాయి. సరిగ్గా వారానికి, 24న, సుమారు 20 వేల మంది నడిచారు.

ఇవాళ అదే కౌంటీలో మన ఇళ్ళున్నాయి. మంచి స్కూళ్ళని చూసి కొనుక్కున్నాం, తప్పేమీ లేదు. కానీ మనకు ఈ దేశపు తలుపు తెరిచిన 1965 ఇమిగ్రేషన్ చట్టం వెనుకా, ఈ కౌంటీ తలుపు తెరిచిన 1987 వెనుకా ఉన్నది పౌరహక్కుల పోరాటమే. మనం కష్టపడి చదువుకుని వచ్చాం, నిజమే. అయితే మనం నడిచొచ్చిన దారిని వేసినవాళ్ళు వేరే ఉన్నారు.

రాబ్ ఎడ్వర్డ్స్ హత్యను గుర్తుచేసే ఫలకం 2021లో కమ్మింగ్‌లో వెలిసింది. ఈసారి పిక్నిక్‌కు వెళ్ళే ముందు అక్కడ కాసేపు ఆగాలనుకుంటున్నాం. అబ్బాయి అడిగిన ప్రశ్నకు ఆలస్యంగానైనా అక్కడే నిలబడి జవాబు చెప్పాలి: దయ్యాలు లేవు నాన్నా, మనుషులుండేవారు.