మా చాళీ గోడ మీది కరెంటు చరిత్ర

చరిత్ర అనగానే మనకు గోల్కొండ కోట, రాయగడ్, పానిపట్టు యుద్ధం గుర్తుకొస్తాయి. కానీ మన ఖోలీ గోడ మీద కూడా చరిత్ర ఉంటుంది. తలుపు పక్కన నల్లటి గుండ్రటి స్విచ్చి, దాని కింద రెండు రంధ్రాల పాత సాకెట్టు, పైన చెక్కపట్టీ లోపల నుంచి పోయే తీగ. వీటిని సరిగ్గా చూస్తే ముంబైలో మన తెలుగువాళ్ళు ఎట్లా బతికారో కొంత అర్థమవుతుంది. మన ఇళ్ళల్లో గోడకు ఉన్నదాన్ని కూడా ప్లగ్గే అంటాం. కలగలిసిపోకుండా ఈ వ్యాసంలో గోడకు ఉన్నదాన్ని సాకెట్టు అని, దాంట్లో పెట్టేదాన్ని ప్లగ్గు అని రాస్తున్నాను.

కామాటీలు, కామాఠీపుర

తెలుగులో కామాటి అంటే కూలిపని చేసేవాడు. నిజాం రాజ్యంలోని తెలుగు ఊళ్ళ నుంచి వచ్చిన కూలీలను బొంబాయి వాళ్ళు కామాఠీలు అన్నారు. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట కట్టి సముద్రపు నీటిని ఆపిన తర్వాత ఇక్కడి పల్లపు నేలలు ఎండి, మనుషులు ఉండటానికి పనికొచ్చాయి. అక్కడ కామాటీలు స్థిరపడ్డారు. వాళ్ళ పేరు మీదనే కామాఠీపుర అయింది. రాళ్ళు మోసి, సున్నం కలిపి ఈ నగరంలో ఎన్నో కట్టడాలు కట్టారు. తర్వాత కరీంనగర్, నల్గొండ, మహబూబ్‌నగర్, షోలాపూర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు బట్టల మిల్లుల్లో చేరారు. వర్లీ, లోయర్ పరేల్, నాయ్‌గావ్ చాళ్ళలో కూడా తెలుగు మాట వినబడటానికి కారణం ఇదే.

బొంబాయికి కరెంటు వచ్చింది

మొదట ఈ నగరం వీధుల్లో గ్యాసు దీపాలు ఉండేవి. 1882లో ఒక కంపెనీ క్రాఫర్డ్ మార్కెట్టుకు కరెంటు దీపాలు పెట్టింది. మరుసటి ఏడే ఆ కంపెనీ మూతబడింది, మార్కెట్టులో మళ్ళీ గ్యాసు దీపాలే వెలిగాయి. 1905లో బాంబే ఎలక్ట్రిక్ సప్లై అండ్ ట్రామ్వేస్ కంపెనీ ఏర్పడింది. వాడీబందర్ దగ్గర కరెంటు తయారుచేసే స్టేషను పెట్టారు. 1907 మే 7న మొదటి కరెంటు ట్రాము నడిచింది. 1915లో టాటాల ఖోపోలీ జలవిద్యుత్తు కేంద్రం నుంచి మిల్లులకు కరెంటు వచ్చింది. 1947 ఆగస్టు 7న మున్సిపాలిటీ ఆ పాత కంపెనీని తీసుకుంది. అదే మన బెస్ట్. ఇప్పుడు మన నాన్నలు బస్సు ఎక్కేదీ, బిల్లు కట్టేదీ ఆ సంస్థకే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కరెంటు కూలీల ఇంటికంటే ముందు కూలీల మిల్లుకు వచ్చింది. దీపాలు లేనప్పుడు పొద్దుగూకితే పని ఆగేది. మిల్లుల్లో కరెంటు దీపాలు పెట్టాక 1905 ప్రాంతంలో కొన్ని మిల్లులు రోజుకు 14, 15 గంటలు కూడా పని చేయించాయి. కూలీలు దానికి ఎదురుతిరిగారు. 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్ళ పనిని 12 గంటలకు కట్టడి చేసింది. అంటే మనవాళ్ళకు కరెంటు మొదట సుఖంగా రాలేదు, ఎక్కువ పనిగా వచ్చింది.

ఖోలీలో ఒక బుగ్గ, ఒక సాకెట్టు

మా నాయనమ్మ పెళ్ళయి కరీంనగర్ జిల్లా నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు ఖోలీలో ఒకటే బుగ్గ, ఒకటే సాకెట్టు ఉండేదట. సాకెట్టులో రేడియో పెట్టేవాళ్ళు. ఇస్త్రీ బొగ్గుల పెట్టెతో, రుబ్బడం రోలుతో. "కరెంటుతోని మాకేం పని ఉండె?" అంటుంది. 1972 అక్టోబరు 2న బొంబాయిలో టీవీ మొదలయింది. తర్వాత ఒక్కొక్క ఖోలీకి టీవీ, మిక్సీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ చేరాయి. సామాన్లు పెరిగాయి గానీ చాలా ఖోలీల్లో గోడలోని తీగ మాత్రం పాతదే. అసలు ప్రమాదం అక్కడ ఉంది.

పాత సాకెట్టు ఎందుకు అట్లా ఉంది

మన గుండ్రటి పిన్నుల సాకెట్టు బ్రిటిషువాళ్ళది. 1934లో వాళ్ళు బీఎస్ 546 అనే ప్రమాణం తెచ్చారు. దాంట్లో 5 ఆంపియర్లది చిన్నది, 15 ఆంపియర్లది పెద్దది. 1947లో బ్రిటన్ చదరపు పిన్నులకు మారిపోయింది. మనం మాత్రం గుండ్రటివే ఉంచుకున్నాం. మన ఐఎస్ 1293 ప్రమాణంలో అవే ఇప్పుడు 6 ఆంపియర్లు, 16 ఆంపియర్లు అయ్యాయి.

పాత చాళ్ళలో చాలా సాకెట్లకు రెండే రంధ్రాలు ఉంటాయి. మూడో రంధ్రం ఎర్తింగ్ కోసం. ఫ్రిజ్ లోపల తీగ తెగి రేకుకు తగిలితే, ఎర్త్ తీగ ఆ కరెంటును భూమిలోకి పంపిస్తుంది, ఫ్యూజు పోతుంది, మనం బతుకుతాం. ఎర్త్ లేకపోతే ఆ దారి మన చెయ్యి అవుతుంది. ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడుగ్గా, లావుగా ఉంటుంది. పెట్టేటప్పుడు అది ముందు తగలాలి, తీసేటప్పుడు చివర ఊడాలి. పొడుగుకు కారణం అదే.

రెండో సంగతి వేడి. పదో తరగతి సైన్సులో జౌల్ నియమం చదివాం. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు అవుతుంది. 5 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల దగ్గర 1150 వాట్లే మోయగలదు. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు, మిక్సీ 750 వాట్లు అనుకుందాం. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే 1750 వాట్లు, అంటే సుమారు 7.6 ఆంపియర్లు. సాకెట్టు పసుపుపచ్చగా మారడం, కాలిన వాసన రావడం దీనివల్లే. పాత తీగ మీద రబ్బరు, నూలు గుడ్డ ఉండేవి. ఏళ్ళు గడిస్తే రబ్బరు ఎండి పెళుసైపోయి, ముట్టుకుంటే రాలుతుంది.

మార్చేటప్పుడు చూడవలసినవి

మా గల్లీలో పనిచేసే వైర్‌మన్ మామను అడిగితే ఒక మాట చెప్పాడు: "సాకెట్టు మార్చుడు పది నిమిషాల పని బిడ్డా, తీగ మార్చుడే అసలు పని." ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

మొదటిది, మెయిన్ స్విచ్చి బందు చేసి, టెస్టరుతో చూసిన తర్వాతే బోర్డు విప్పాలి. ఈ పని లైసెన్సు ఉన్న వైర్‌మనే చెయ్యాలి, మనం పిల్లలం చెయ్యకూడదు. రెండోది, సన్నటి పాత తీగకు 16 ఆంపియర్ల కొత్త సాకెట్టు బిగించకూడదు. పైకి కొత్తగా కనబడుతుంది, గీజరు పెట్టగానే గోడ లోపల తీగ కాలుతుంది. దానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మెయిన్ దాకా వెయ్యాలి. మూడోది, ఎర్త్ లేని చోట మూడు రంధ్రాల సాకెట్టు పెట్టి వదిలేయడం మోసం లాంటిది. కొందరు ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలుపుతారు, కొందరు నల్లా పైపుకు కడతారు. అట్లా చేస్తే ఒక ఖోలీలో తప్పు జరిగినా పక్క ఖోలీలో నల్లా ముట్టుకున్నవాళ్ళకు షాకు కొట్టవచ్చు. నాలుగోది, పింగాణీ ఫ్యూజులో లావు తీగ కట్టకూడదు. దాని బదులు ఎమ్‌సీబీ, దాంతోపాటు 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టించాలి. మొదటిది తీగను కాపాడుతుంది, రెండోది మనిషిని కాపాడుతుంది.

మరి ఎవరు మార్చాలి?

ఇక్కడే చరిత్ర మళ్ళీ అడ్డం వస్తుంది. 1947 బొంబాయి అద్దె చట్టం అద్దెలను 1940 నాటి స్థాయికి కట్టేసింది. పేద అద్దెదారులకు అది పెద్ద రక్షణ. ఆ చట్టం లేకపోతే మనవాళ్ళు ఈ నగరం మధ్యలో ఉండగలిగేవాళ్ళు కాదు. కానీ అంత తక్కువ అద్దెతో మరమ్మతు ఎందుకు చెయ్యాలి అని యజమానులు వదిలేశారు. పాత సెస్ బిల్డింగుల మరమ్మతు కోసం ప్రభుత్వం బోర్డు పెట్టింది, తర్వాత అది మ్హాడా కిందికి వచ్చింది. దూలాలు, మెట్లు, కప్పులకే అక్కడ మొదటి చోటు. ఖోలీ లోపలి తీగ మాత్రం మన జేబు మీదనే పడుతుంది.

2023లో కామాఠీపుర గల్లీలన్నిటినీ కలిపి మ్హాడా ద్వారా కొత్తగా కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. అప్పటినుంచి "ఎట్లాగూ కూలగొడతారు కదా, ఇప్పుడు పైసలెందుకు పెట్టాలె" అనే మాట మా గల్లీలో ఎక్కువైంది. ఈ మాటలో న్యాయం ఉంది. మేస్త్రీ పనికి పోయే ఇంట్లో కొన్ని వేల రూపాయలు చిన్న ఖర్చు కాదు. కానీ కొత్త ఇల్లు వచ్చేది ఏ సంవత్సరమో, పాత తీగకు నిప్పంటుకునేది ఏ రాత్రో ఎవరు చెప్పగలరు? పైగా ఒక ఖోలీలో మంట లేస్తే చెక్క మెట్లున్న చాళీ మొత్తానికి ఒకటే దారి.

అందుకని నాకు ఒక దారి కనబడుతుంది. ఖోలీ ఖోలీకి వేరువేరుగా కాకుండా మాడీకి పదిమంది కలిసి ఒక వైర్‌మన్‌ను పిలిస్తే, ఎర్త్ ఒకటే వేసి అందరికీ పంచుకోవచ్చు, ఖర్చు తగ్గుతుంది. గణపతికి వర్గణీ పోగుచేసినట్టే దీనికీ చెయ్యవచ్చు. అన్నీ ఒకేసారి కాకపోతే ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పెట్టే సాకెట్టు నుంచి మొదలుపెట్టవచ్చు. పిల్లలం మనం చేయగలిగింది కూడా ఉంది. ఇంట్లో ఏ సాకెట్టు వేడెక్కుతుందో, ఏది నల్లబడిందో, దేనికి మూడో రంధ్రం లేదో ఒక కాగితం మీద రాసి నాన్నకో, అమ్మకో ఇవ్వాలి.

కామాటీలు ఈ నగరం గోడలు కట్టారు. వాళ్ళ మనవళ్ళు, మనవరాళ్ళు పడుకునే గోడ పక్కన భయం ఉండకూడదు.