అతుకు కనబడని బొమ్మ: పనోరమా పుట్టుపూర్వోత్తరాలు

వరంగల్‌లో మట్టెవాడ నుంచి భద్రకాళి గుడి వైపు వెళ్లి చెరువు కట్ట ఎక్కినవాళ్లు ముందు చేసే పని ఫోను బయటికి తీయడం. ఎదురుగా నీళ్లు, నీళ్ల అంచున బండరాళ్ల గుట్టలు, ఒక పక్క గుడి, అవతల ఇళ్ల వరుసలు. తల తిప్పితే చాలు, కంటికి అంతా అందుతుంది. కెమెరాకు అందదు. వైడ్ లెన్స్ పెడితే అంతా పడుతుంది గానీ గుట్టలు చిన్నబోతాయి, ఫొటోలో సగం ఖాళీ ఆకాశం, మిగతా సగం కట్ట మీది సిమెంటు. అందుకే ఫొటోగ్రాఫర్లు దృశ్యాన్ని ముక్కలుగా తీసి, ముక్కల్ని పక్కపక్కన అతికే దారి పట్టారు. ఇది ఫోన్లతో వచ్చిన విద్య అనుకుంటాం. నిజానికి ఫొటోగ్రఫీకి పదేళ్లు నిండకముందే ఈ పని మొదలైంది.

అంతకు ముందు చిత్రకారులు దారి వేశారు. రాబర్ట్ బార్కర్ అనే ఐరిష్ చిత్రకారుడు ఎడింబరోలో ఒక కొండ మీద నిలబడి చుట్టూ కనిపించే ఊరంతా గీసి, గుండ్రటి గోడకు లోపలివైపు పరిచి చూపే పద్ధతికి 1787లో పేటెంటు తీసుకున్నారు. 1793లో లండన్‌లో దానికోసమే గుండ్రటి భవనం కట్టారు. టిక్కెట్టు కొని, మధ్యలో ఎత్తు మీద నిలబడి చుట్టూ చూడాలి. ఈ వేడుకలోకి మన దక్షిణాది కూడా తొందరగానే చేరింది. టిప్పు సుల్తాను చనిపోయిన మరుసటి ఏడాది, 1800లో, శ్రీరంగపట్నం కోట ముట్టడిని రాబర్ట్ కెర్ పోర్టర్ సుమారు 120 అడుగుల గుడ్డ మీద గీసి లండన్‌లో ప్రదర్శించారు. ఆయన ఆ కోటను చూసింది లేదు. చూసినవాళ్లు చెప్పినదాన్నిబట్టి గీశారు. చూడనిది గీయడం చిత్రకారుడికి చెల్లింది, కెమెరాకు చెల్లదు. అక్కడికి పోయి నిలబడాల్సిందే.

1839లో ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది. వెడల్పు దృశ్యం కోసం వెంటనే రెండు దారులు చీలాయి. ఒకటి, కెమెరానే మార్చడం. ఆస్ట్రియాలో యోసెఫ్ పుఖ్‌బెర్గర్ 1843లో, పారిస్‌లో ఫ్రెడెరిక్ వాన్ మార్టెన్స్ ఆ వెంటనే, లెన్స్ పక్కకు తిరుగుతూ పోయే కెమెరాలు చేశారు. రెండోది, మామూలు కెమెరానే కొంచెం కొంచెం తిప్పుతూ వరుసగా పలకలు తీయడం. 1848లో చార్లెస్ ఫాంటేన్, విలియం పోర్టర్ అమెరికాలో ఒహాయో నది ఇవతలి ఒడ్డున నిలబడి, అవతలి సిన్సినాటి రేవును 8 పలకల మీద పట్టారు. అవి వెండిపూత పూసిన రాగి పలకలు. అతికే వీలు లేదు, ఒకే చట్రంలో పక్కపక్కన అమర్చారు. అతుకు దాచే ప్రయత్నమే లేదు. అయినా ఒక్కో పలక మీద ఉన్న పనితనం చూస్తే పలకల మధ్య గీతలు నాకు అడ్డమనిపించవు.

మన దేశంలో ఈ పనికి గుర్తుపెట్టుకోవలసిన ఏడాది 1858. సిపాయిల తిరుగుబాటు అణచివేత ఇంకా పచ్చిగా ఉండగానే ఫెలిచే బియాటో ఢిల్లీ జామా మసీదు పైనుంచి ఊరిని, లక్నోలో దెబ్బతిన్న భవనాలను ముక్కలు ముక్కలుగా తీసి అతికారు. గెలిచినవాళ్ల కోసం తీసిన బొమ్మలవి. ఆ సంగతి మరిచిపోకుండానే వాటిని చూడాలి.

అదే ఏడాది తంజావూరులో జరిగిన పని నాకు అంతకంటే పెద్దది. లిన్నియస్ ట్రైప్ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫరు. బృహదీశ్వరాలయం విమానం చుట్టూ పీఠం మీద చెక్కిన శాసనాలను నమోదు చేయాలి. ఒకచోట నిలబడి తిరిగితే కుదరదు, అక్షరాలు పక్కలకు వంగిపోతాయి. అందుకని పీఠం వెంట కెమెరాను జరుపుకుంటూ తీసుకుపోయారు. 21 ప్రింట్లు అతికితే సుమారు 19 అడుగుల పొడవైన పట్టీ తయారైంది. ఈనాడు కుడ్యచిత్రాన్ని వరుసగా తీసి కంప్యూటర్లో కలిపేవాళ్లు చేస్తున్నది సరిగ్గా ఇదే. ట్రైప్ వాడింది గాజు పలక కాదు, మైనం పట్టించిన కాగితపు నెగటివు. ఆకాశం బోసిగా వచ్చినచోట ఆ నెగటివుల మీద రంగుతో మేఘాలు దిద్దిన మనిషి కూడా ఆయనే. అమరావతి స్తూపం శిల్పాలు లండన్‌కు ఓడ ఎక్కకముందు, మద్రాసు మ్యూజియంలో ఉండగా ఫొటోలు తీసిందీ ఆయనే. తెలుగువాళ్లు ఆయన పేరు తలుచుకోవడానికి అదొక్కటి చాలు.

గాజు పలకల కాలంలో అతుకు పని ఇంకా కష్టం. పలక మీద మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, పక్కనే ఉన్న చీకటి గుడారంలో కడగాలి. ఒక్కో పలకకు అంత తతంగం. పది పలకలు పూర్తయ్యేసరికి ఎండ జరుగుతుంది, మొదటి ముక్కలో ఎడమకు పడిన నీడ చివరి ముక్కలో ఇంకోలా ఉంటుంది. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ శాన్‌ఫ్రాన్సిస్కో మొత్తాన్ని ఒక మేడ మీది నుంచి 13 పెద్ద పలకలతో చుట్టేశారు. అంత పెద్ద పనిలో ఆయనకు అసలైన పోటీదారు సూర్యుడే.

ఇక వరంగల్ సంగతి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ వరంగల్ కోట తోరణాలను, హనుమకొండ వేయిస్తంభాల గుడిని ఫొటో తీశారు. రూర్కీలో ఇంజనీరింగు చదివిన మనిషి కాబట్టి గీతలు నిటారుగా, కొలతలు సరిగ్గా ఉంటాయి. అవి కట్టడాల ఫొటోలు. కట్టడానికీ కట్టడానికీ మధ్య ఉన్న నేల, మట్టికోట ఒంపు, గుట్టలూ చెరువులూ కలిసి ఓరుగల్లును ఓరుగల్లు చేసిన ఆ పరుచుకుపోయిన తీరు ఒంటి ఫ్రేముకు బయటే ఉండిపోతుంది. మట్టికోట అడ్డకొలతే దాదాపు రెండున్నర కిలోమీటర్లు. కాకతీయులు ఈ నేలను వలయాలుగా కట్టుకున్నారు. వలయాన్ని చూపాలంటే తిరుగుతూ తీయాలి.

1899లో కొడక్ పనోరమ్ కెమెరాతో తిరిగే లెన్స్ మామూలు జనం చేతికి వచ్చింది. కొద్ది ఏళ్లకే వచ్చిన సర్కట్ కెమెరా స్టాండు మీద తనే గుండ్రంగా తిరిగేది, లోపల ఫిల్ము దానికి ఎదురు దిక్కుగా కదిలేది. వందలమంది నిలబడిన గ్రూపు ఫొటోలు చాలా దానితో తీసినవే. 1969లో చంద్రుడి మీద దిగినవాళ్లు మాత్రం పాత దారినే పట్టారు. ఛాతీకి తగిలించుకున్న హాసెల్‌బ్లాడ్‌తో కొంచెం కొంచెం తిరుగుతూ వరుసగా తీసి తెచ్చిన ముక్కల్ని ఇక్కడ అతికారు.

అతుకు ఎందుకు తప్పుతుందో తెలియాలంటే వరంగల్ కోటలో కీర్తితోరణం దగ్గరికి పోవాలి. తోరణం స్తంభం దగ్గరగా, దాని వెనక దూరంగా ఖుష్‌మహల్ కనిపించేలా నిలబడండి. కెమెరాను మెడకు దగ్గరగా పట్టుకుని ఒళ్లు తిప్పితే, స్తంభం వెనక మహల్ అంచు పక్కకు జరుగుతుంది. మొదటి ఫ్రేములో స్తంభం దాచిన కిటికీ రెండో ఫ్రేములో బయటపడుతుంది. ఈ రెండు ఫ్రేములనూ ఏ కత్తెరా, ఏ కంప్యూటరూ నిజాయితీగా అతకలేదు. దీన్నే పారలాక్స్ అంటారు. మందు ఒక్కటే, కెమెరా తిరిగే ఇరుసు లెన్స్‌లోకి వెలుగు చొరబడే ద్వారం కిందికి రావాలి. ఫొటోగ్రాఫర్లు నోడల్ పాయింట్ అని పిలుచుకునేది ఆ చోటునే. వెతకడం సులువు. దగ్గర ఒక కర్ర, దూరంగా ఒక కరెంటు స్తంభం ఒకే గీతలో కనిపించేలా పెట్టుకోవాలి. కెమెరాను ఎడమకూ కుడికీ తిప్పినప్పుడు రెండూ విడిపోతే, కెమెరాను స్టాండు మీద ముందుకో వెనక్కో జరపాలి. విడిపోకుండా నిలిచినచోట గుర్తు పెట్టుకుంటే ఆ లెన్స్‌కు మళ్లీ వెతికే పని లేదు.

కంప్యూటరు అతుకు పనిలో పెద్ద మలుపు వాంకూవర్‌లో వచ్చింది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ లో అనే పరిశోధకుడు 1999లో ఒక పద్ధతి ప్రకటించారు. ఫొటోలో రాతి మూల, కొమ్మ చీలిక లాంటి గుర్తుల్ని పట్టుకుని, ఫొటో పెద్దదైనా చిన్నదైనా పక్కకు ఒరిగినా మళ్లీ గుర్తుపట్టడం ఆ పద్ధతి. మాథ్యూ బ్రౌన్‌తో కలిసి 2003లో ఆయన ఇంకో అడుగు వేశారు. కలగాపులగంగా పోసిన ఫొటోల గుట్టలోంచి ఏది దేని పక్కదో యంత్రమే తేల్చుకుని అతుకుతుంది. తప్పుగా కుదిరిన జతలను విసిరేస్తుంది, ఆకాశం లాంటి నున్నటి భాగాలను వెడల్పుగా కలుపుతుంది, ఆకులూ రాళ్లూ ఉన్నచోట సన్నగా కలుపుతుంది. అంతకు ముందే, 1998లో, హెల్ముట్ డెర్ష్ అనే జర్మన్ అధ్యాపకుడు తన పనోరమా టూల్స్‌ను ఉచితంగా ఇచ్చారు. ఉచితంగా దొరికే హ్యూగిన్ దాని మీదే నిలబడింది. 2012లో ఐఫోన్‌లో పనోరమా వచ్చాక ఈ విద్య అందరి జేబులోకి చేరింది.

అయినా భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడి చేయాల్సింది యంత్రం చేసిపెట్టదు. కెమెరాను నిలువుగా పట్టాలి, అప్పుడే నీళ్లకూ ఆకాశానికీ తగినంత ఎత్తు దొరుకుతుంది. స్టాండు నీటిమట్టంతో సమంగా లేకపోతే చెరువు ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి నిలువుగా పట్టుకుంటే ఒక్కో ఫ్రేములో సుమారు 27 డిగ్రీలు పడతాయి. అందులో మూడో వంతు దాకా పక్క ఫ్రేముతో కలవనిస్తే, సగం ఆకాశవలయానికి పది ఫ్రేములు సరిపోతాయి. ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ చేత్తో బిగించేయాలి. లేదంటే గుడి దగ్గర నీలంగా ఉన్న ఆకాశం రెండు ఫ్రేములు దాటేసరికి పాలిపోతుంది. పోలరైజర్ తీసేయాలి, అది ఆకాశంలో ఒక ముక్కనే నల్లబరుస్తుంది. వానాకాలం మబ్బులు ఆగవు కాబట్టి, పది ఫ్రేములూ ఊపిరి తిప్పుకోకుండా తీసేయాలి. ఫోనుతో తీసేవాళ్లు చెయ్యి చాచి గిరగిరా తిరగకుండా, ఫోనును దాని లెన్స్ దగ్గర ఇరుసు పెట్టినట్టు తిప్పితే చాలా అతుకులు వాటంతటవే సర్దుకుంటాయి.

భద్రకాళి చెరువును 2024 చివర్లో పూడికతీత కోసం ఖాళీ చేశారు. అంతకు ముందు కట్ట మీద నుంచి తీసిన జోడింపు ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే అది ఈ ఊరి దస్తావేజు. అందులో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో, గుట్ట ఏ మేరకు రాయిగా ఉందో, ఇళ్లు ఎక్కడ మొదలయ్యాయో వేలు పెట్టి చూపవచ్చు. మట్టెవాడలో, హనుమకొండలో, కాజీపేటలో కెమెరా పట్టే ప్రతి ఒక్కరినీ నేను అడిగేది ఒక్కటే. కట్ట మీద ఒక చోటు ఎంచుకోండి. వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి, ఏటా అక్కడే నిలబడి, అదే లెన్స్‌తో తీయండి. అతికిన ఫొటోతోపాటు విడి ఫ్రేములు కూడా దాచండి, రేపు ఇంతకంటే మంచి అతుకు వస్తుంది. తేదీ, నిలబడిన చోటు, లెన్స్ వివరం ఫొటో వెనక రాసిపెట్టండి.